వాతావరణ భావిచిత్రములు – రైతు పరపతి

2024వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన విజయవాడకడ ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు సముద్రమువైపు సాగిపోయినది. బ్యారేజీ కట్టిననాటినుండి అంతటి ప్రవాహము నమోదు కాలేదు. ఆ దినములలోనే బుడమేరునకు గండ్లు పడి నగరములోని పేటలనేకము నీట నిలిచినవి. అంతకు రెండేండ్లకు పూర్వము, 2022 జూలై 16వ తేదీన, భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు వచ్చినది; 1986 ఆగస్టునాటి 75.6 అడుగుల వరద ఒక్కటియే దానిని మించినది. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచిన సంగతిని రాయలసీమవాసులు మరచియుండరు.

ఈ నేలలమీద అప్పులిచ్చిన బ్యాంకులును, బీమా వ్రాసిన సంఘములును, మిల్లులు కట్టిన వర్తకులును, తోటలు వేసిన భూస్వాములును ఒకే విశ్వాసముతో లెక్కలు వేసికొనిరి. గడచిన కాలమెట్లుండెనో రాబోవు కాలమును ఇంచుమించుగా అట్లే యుండునని వారి విశ్వాసము. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనయందు హామీ దిగుబడిని నిర్ణయించు విధానమే ఇందుకు తార్కాణము. గడచిన 7 సంవత్సరములలో మెరుగైన 5 సంవత్సరముల దిగుబడుల సగటునుబట్టి దానిని కట్టుదురు. చెడ్డయేండ్లు వరుసగా వచ్చినచో ఆ సగటే దిగజారును. అనగా ఆపద హెచ్చినకొలది రైతునకు లభించు రక్షణ తగ్గును. పంట కొట్టుకొనిపోయిన పిమ్మట అప్పుల గడువు పెంచుటకు నిబంధనలు కలవు. పంట వేయకముందే ఆపదను తూచి చూచుటకు మాత్రము మన పరపతి వ్యవస్థయందు సాధనము లేకపోయినది.

ఆ సాధనమును సమకూర్చుకొను ప్రయత్నము ఇప్పుడు ప్రపంచమునందలి అనేక కేంద్రబ్యాంకులయందు సాగుచున్నది. మన రిజర్వుబ్యాంకును ఆ మార్గమున అడుగు పెట్టినది. ఆంగ్లమున సినేరియో యని పిలువబడు ఈ పద్ధతిని మేము భావిచిత్రమని వ్యవహరింతుము. ఈ ప్రయత్నమును మేము మనఃపూర్వకముగా ఆహ్వానించుచున్నాము. కాని ఈ లెక్క ఎవరి చేతియందుండునో, ఎవరి మేలునకు వినియోగపడునో ఇప్పుడే నిర్ణయించుకొనవలసియున్నది. ముంబయి కార్యాలయములలో గుప్తముగా నుండి, అప్పు నిరాకరించుటకు మాత్రమే అక్కరకు వచ్చు లెక్క దేశమునకు ఉపకారము చేయజాలదు.

భావిచిత్రమన నేమో ముందుగా తెలిసికొనవలయును. ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఈయేడు మేఘాధిపతి ఎవరో సస్యాధిపతి ఎవరో వినుట మనకు అలవాటు. వాతావరణశాఖవారు రేపటి వానను, ఎల్లుండి వాయుగుండమును ముందుగా చెప్పుదురు. ఈ రెండును జోస్యములే. ఇట్లు జరుగునని చెప్పునవి. భావిచిత్రము అట్టిది కాదు. ఇట్లు జరిగినచో నీ స్థితి యేమి, అట్లు జరిగినచో నీ స్థితి యేమి, అని అది యజమానిని ప్రశ్నించును. మూడు నాలుగు భిన్నమైన భవిష్యత్తులను ఎదుట నుంచుకొని, నేడు తాను చేయబోవు పని ఏయే భవిష్యత్తున నిలుచునో, ఎక్కడ కూలునో పరీక్షించుకొనుటయే దీని ప్రయోజనము.

వ్యాపారమున ఈ పద్ధతికి పేరు తెచ్చినది షెల్ చమురుసంస్థ. 1970 తరువాతి యేండ్లలో ఆ సంస్థయందు పియేర్ వాక్ అను ఫ్రెంచివాడును ఆయన సహచరులును చమురు ధర హఠాత్తుగా పెరుగు కాలమును ఒక చిత్రముగా రచించి అధికారుల ఎదుట పెట్టిరి. అప్పటికి చమురు చౌకగా దొరకుచుండెను. అది ఎల్లప్పుడును అట్లే దొరకునని పరిశ్రమయందందరి నమ్మకము. 1973 అక్టోబరు యుద్ధసమయమున అరబ్బుదేశములు ఎగుమతులను బిగింపగా, పీపా ధర కొలది మాసములలో సుమారు 3 డాలర్లనుండి 12 డాలర్ల సమీపమునకు పోయినది. యుద్ధము ఏనాడు వచ్చునో షెల్ వారికి తెలియదు. కాని అట్టి దినము వచ్చినచో ఏమి చేయవలెనో వారు ముందే తర్కించియుండిరి. ఇతరులు దిగ్భ్రమ చెందిన సమయమున వారికి తడబాటు తక్కువయైనది.

ఆర్థికరంగమున వాతావరణమును ఈ దృష్టితో చూడవలెనను వాదమునకు 2015 సెప్టెంబరులో బలము చేకూరినది. అప్పటి ఇంగ్లండుబ్యాంకు గవర్నరు మార్క్ కార్నీ లండనునందలి లాయిడ్స్ బీమావర్తకుల సభలో ప్రసంగించుచు, వాతావరణమువలని నష్టములు వ్యాపారుల యొక్కయు, మంత్రుల యొక్కయు, కేంద్రబ్యాంకు అధికారుల యొక్కయు పదవీకాలములకు ఆవల వచ్చుచున్నందుననే వారెవరికిని అవి పట్టుటలేదని చెప్పెను. 2017 జూనులో అంతర్జాతీయ సంఘమొకటి కంపెనీలు భావిచిత్రములతో తమ వ్యవహారమును పరీక్షించుకొని ప్రకటింపవలెనని సిఫారసు చేసినది. ఆ యేడు డిసెంబరులో పారిసునందు ఎనిమిది కేంద్రబ్యాంకులును పర్యవేక్షణసంస్థలును ఒక కూటమిగా నేర్పడి, 2020లో తమ మొదటి భావిచిత్రములను వెలువరించినవి. 2021 ఏప్రిలులో మన రిజర్వుబ్యాంకు ఆ కూటమిలో చేరినది.

ఆ చిత్రములలో ముఖ్యమైనవి మూడు విధములు. బొగ్గు, చమురుల వాడకమును నేటినుండి క్రమముగా తగ్గించుకొను లోకము మొదటిది. పదియేండ్లు ఆలసించి, పిమ్మట ఉన్నట్టుండి కఠినశాసనములు చేయు లోకము రెండవది. ఇప్పటి విధానములతోనే సాగి, ఈ శతాబ్దాంతమునకు 3 డిగ్రీల సమీపమున వేడెక్కు లోకము మూడవది. వీనివలన కలుగు ఆపదలును రెండు తెగలు: ప్రకృతివలన నేరుగా వచ్చునవి, ప్రభుత్వశాసనములు, యంత్రములు, ధరలు మారుటవలన వచ్చునవి. తెలుగుదేశమునకు రెండును ప్రాప్తించియున్నవి.

మొదటి తెగకు కృష్ణా గోదావరి డెల్టాలు ఉదాహరణము. భూమి వేడి ఒక డిగ్రీ పెరిగిన, ఒక్కదినమున కురియు కుంభవృష్టి సుమారు 7 శాతము తీవ్రతరమగునని ఐక్యరాజ్యసమితి యాధ్వర్యమునందలి శాస్త్రజ్ఞుల సంఘము 2021లో నిర్ణయించినది. ఈ శతాబ్దాంతమునకు సముద్రమట్టము, మిక్కిలి సంయమనము వహించిన లోకమున 28 మొదలు 55 సెంటిమీటర్లును, విచ్చలవిడిగా బొగ్గుపులుసు వాయువును వెలార్చు లోకమున 63 సెంటిమీటర్లు మొదలు ఒక మీటరు వరకును పెరుగవచ్చునని ఆ సంఘము వ్రాసినది. డెల్టా రైతునకు ఈ అంకెల యర్థమును విడమరచి చెప్పనక్కరలేదు. మురుగుకాలువలు వాలుమీద సముద్రమునకు పారవలసినవే. సముద్రము అరమీటరు లేచినచో వాలు తగ్గును, పైనుండి వాన హెచ్చును, క్రిందనుండి పోటు ఎగదట్టును, చేను మునిగియుండు దినములు పెరుగును, ఉప్పునీరు బావులకెక్కును. 1977 నవంబరునాటి దివిసీమ ఉప్పెనవంటిది పెరిగిన సముద్రముమీద వచ్చినచో ఇంకెంత లోపలికి చొచ్చునో ఊహింపవచ్చును.

రెండవ తెగకు సింగరేణి ఉదాహరణము. కొత్తగూడెము, మందమర్రి, రామగుండము మున్నగు పట్టణములందు గని కార్మికుని జీతమే అంగడివాని బేరము, ఇంటి యజమాని అద్దె, బ్యాంకు కిస్తీ. 2070 నాటికి నికరముగా బొగ్గుపులుసు వాయువును వెలువరింపని దేశముగా భారతదేశమును తీర్చుదుమని కేంద్రప్రభుత్వము 2021 నవంబరులో గ్లాస్గోనందు ప్రకటించియున్నది. మార్పు క్రమముగా వచ్చినచో ఈ పట్టణములకు వేరు వృత్తులు నేర్చుకొనుటకు వ్యవధి యుండును. ఆలసించి హఠాత్తుగా వచ్చినచో జీతము, బేరము, అద్దె, కిస్తీ ఏకకాలమున కూలును. ఇరువది యైదేండ్ల గడువుతో థర్మల్ కేంద్రమునకు అప్పిచ్చు బ్యాంకు ఈ రెండు లోకములను వేరువేరుగ లెక్కించుట అవసరము కాదని ఎవరనగలరు?

ఈ లెక్కలే నమ్మదగినవి కావను ఆక్షేపణ యొకటి కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. ఘోరముగా వేడెక్కిన లోకమునందును ఆర్థికనష్టము స్వల్పమేయని కొన్ని సంస్థలు ప్రకటించుటను, బ్రిటిషు గణకుల సంస్థయు ఎక్సిటర్ విశ్వవిద్యాలయమువారును 2023లో తీవ్రముగా విమర్శించిరి. ఆ నమూనాలలో అనేకము పెనుముప్పులను లెక్కలోనికే తీసికొనలేదని వారు చూపిరి. దీనికి వ్యతిరేకమైన సందర్భమును కలదు. 2024 ఏప్రిలులో 'నేచర్' పత్రికయందు వెలువడి కేంద్రబ్యాంకుల కూటమికి ఆధారమైన ఒక పరిశోధన, ఉజ్బెకిస్థాను దేశపు అంకెలలోని దోషము మొత్తము ఫలితమును హెచ్చించినదని బయటపడగా, 2025 డిసెంబరులో ఉపసంహరింపబడినది. ఒకసారి తక్కువ చూపిన లెక్క మరియొకసారి ఎక్కువ చూపినది. ఇది చాలదన్నట్లు అమెరికా ఫెడరల్ రిజర్వు 2025 జనవరిలో ఆ కూటమినే వదలిపోయినది.

కాని వీనివలన తేలునదేమి? శతాబ్దాంతమున జాతీయాదాయము ఇన్ని శాతములు తగ్గునను ఒంటి యంకెను వేదవాక్యముగా గొనరాదని తేలుచున్నది. భావిచిత్రమును జోస్యముగా చదివినవారికే ఈ చిక్కు. పరీక్షగా వాడుకొనువానికి ఆ యంకెతో పనిలేదు. బుడమేరు గట్టు మరల తెగినచో తన గిడ్డంగిలోని ధాన్యము ఏమగునను ప్రశ్నకు ఉజ్బెకిస్థాను లెక్క అడ్డురాదు. అమెరికా కూటమిలో నున్నను మానినను కృష్ణానది తన దారిని పోవును. ప్రపంచ నమూనాలు భూమిని సుమారు నూరేసి కిలోమీటర్ల గళ్లుగా విభజించి చూచును. అట్టి గడిలో ఒక జిల్లాయే యిముడును, గండి పడిన చోటు కనబడదు. కావున పరదేశపు నమూనాను తెచ్చి తగిలించుటతో పని తీరదు. మన నదుల, మన కాలువల, మన గ్రామముల లెక్కను మనమే కట్టుకొనవలయును.

తప్పులెక్కకంటె మేము భయపడవలసినది ఒప్పులెక్క యొక్క దుర్వినియోగమునకు. ఇంగ్లండుబ్యాంకు తన దేశపు పెద్ద బ్యాంకులను, బీమాసంఘములను మూడు భావిచిత్రములతో పరీక్షించి 2022 మేనెలలో ఫలితములను ప్రకటించినది. నష్టములలో అధికభాగము తుదకు ఖాతాదారులమీదనే పడుననియు, వేడెక్కిన లోకమున కొన్ని కుటుంబములకు బీమాయే అందకపోవుననియు అందు తేలినది. 2023 మేనెలలో క్యాలిఫోర్నియాయందు స్టేట్ ఫార్మ్ అను పెద్ద బీమాసంఘము, ఆపదలు పెరిగినవనియు నిర్మాణవ్యయము హెచ్చినదనియు చెప్పి, క్రొత్తగా ఇండ్లకు బీమా వ్రాయుట మానుకొన్నది. సంఘము తన ధనమును కాపాడుకొన్నది. ఇల్లు మాత్రము అదే చోట, అదే యడవి ప్రక్కన నిలిచియున్నది.

ఇదే న్యాయము డెల్టాకు వచ్చినచో ఏమగును? ఒక బ్యాంకు చిత్రపటమున మూడు మండలములకు ఎఱ్ఱగీత పడినదనుకొందము. అధికారి ఏమియు చెప్పడు. దరఖాస్తులు ఆలస్యమగును, హామీ ఎక్కువ అడుగబడును, తనఖాభూమి విలువ తగ్గింపబడును. రైతునకు కారణము తెలియదు. బ్యాంకు గడప దాటినవాడు ఎక్కడికి పోవును? ప్రాత వడ్డీవ్యాపారి అరుగుమీదికే. అందును కౌలురైతు స్థితి మరింత కష్టము. పట్టా లేనందున ఈనాటికే వానికి బ్యాంకు అప్పు దొరకుట దుర్లభము. భూమి కలవాడు విలువ పోగొట్టుకొనును, కౌలుదారు పెట్టుబడియే పోగొట్టుకొనును. వరద రాకమునుపే వరదనష్టము వారికి సంప్రాప్తించినట్లగును.

ఈ సందర్భమున రిజర్వుబ్యాంకు చర్యలను పరిశీలింపవలసియున్నది. 2022 జూలైలో ఒక చర్చాపత్రమును, 2024 ఫిబ్రవరిలో వాతావరణసంబంధమైన ఆర్థికాపదల ప్రకటననుగూర్చి ఒక ముసాయిదాను ఆ బ్యాంకు వెలువరించినది. ముసాయిదా పెద్ద వాణిజ్యబ్యాంకులకును, పెద్ద పట్టణ సహకారబ్యాంకులకును, పెద్ద ఋణసంస్థలకును ఉద్దేశింపబడినది. గ్రామీణబ్యాంకులను అందునుండి మినహాయించిరి. గ్రామములందలి ప్రాథమిక సహకార పరపతి సంఘముల ప్రసక్తియే లేదు. చిన్నసంస్థలపై వ్రాతకోతల భారము మోపకుండుట సమంజసమే. కాని రైతునకు అతి సన్నిహితముగ నుండి, వానతో పాటు మునుగు సంస్థలు ఇవియే. భారమునుండి తప్పించుట వేరు, జ్ఞానమునుండి తప్పించుట వేరు. 2025లో విలీనములు జరిగి రెండు రాష్ట్రములందును రాష్ట్రమునకొక గ్రామీణబ్యాంకు ఏర్పడినది. అట్టి సంస్థకు ఇప్పుడు ఈ పరిశీలన చేయదగిన పరిమాణము లేకపోలేదు.

మరియొక విషయము. వాతావరణపు వివరములను ఒకచోట కూర్చు భాండారమును స్థాపింతుమని రిజర్వుబ్యాంకు 2024 అక్టోబరులో ప్రకటించినది. అందు రెండు భాగములు. ఏ వివరము ఎక్కడ దొరకునో తెలుపు సూచిక మొదటిది, అది అందరికిని. లెక్కకు పనికివచ్చునట్లు సరిచేసిన వివరములు రెండవది. అవి రిజర్వుబ్యాంకు పర్యవేక్షణలోని సంస్థలకు మాత్రమే క్రమక్రమముగా లభించునని ఆనాటి ప్రకటన. సూచిక ప్రజలకును, సారము ఋణదాతలకునా? అప్పిచ్చువానికి నీ పొలముయొక్క భవిష్యత్తు తెలిసి, అప్పు పుచ్చుకొను నీకు తెలియకుండుట బేరమునందు న్యాయము కానేరదు. ఆ వివరములు కూర్పబడునది ప్రజాధనముతో నిలుచు వాతావరణశాఖ, జలవనరులశాఖ మున్నగు వాని పరిశ్రమనుండియే గదా!

కావున మేము కోరునవి ఇవి. భాండారముయొక్క రెండవ భాగమును సహకారసంఘములకును, పంచాయతులకును, పురపాలక సంఘములకును, జిజ్ఞాసగల ప్రతి భూస్వామికిని తెరువవలెను. దాని సారమును తెలుగునందు ప్రకటింపవలెను. జిల్లా సగటులతో తృప్తిపడక, బుడమేరు, కొల్లేరువంటి మురుగునీటి పరీవాహములవారిగా చిత్రములు రచింపవలెను. ఒక ప్రాంతమును ఆపదగలదిగా నెంచిన బ్యాంకు, ఆ యాపదను తగ్గించు పనులేవో చెప్పి వానికి దీర్ఘకాలపు ఋణమిచ్చుటకు ముందుకు రావలెను; మెరకచేసిన గిడ్డంగికిని, ముంపునకోర్చు వంగడమునకును, ఉప్పునాపు తలుపులకును అప్పు సులభమైనచో బ్యాంకు బాకీయు భద్రమగును. తుదకు, ఈ చిత్రములనే ముందుంచుకొని రాష్ట్రప్రభుత్వములు కాలువగట్ల యెత్తును, తూముల వెడల్పును మరల నిర్ణయింపవలెను. ఇంజనీరు అంచనాయు బ్యాంకరు అంచనాయు ఒకే నదినిగూర్చినవి; అవి వేరువేరు భవిష్యత్తులను నమ్మి సాగుట ప్రమాదకరము.

ప్రభుత్వమును కోరుటతో మన ధర్మము తీరదు. భూస్వాములును వర్తకులును ఈ పద్ధతిని తమ యింటనే అవలంబింపవచ్చును. ఏటేట వేయు వరికి దీని యవసరమల్పము. వచ్చేయేడు తప్పు దిద్దుకొనవచ్చును. నేడు నాటిన కొబ్బరిమొక్క యరువదియేండ్లు నిలువవలసినది. మిల్లు, శీతలగిడ్డంగి, రొయ్యలచెఱువు, పిల్లవాని చదువునకై తనఖా పెట్టు భూమి – ఇవి యన్నియు దీర్ఘకాలపు నిర్ణయములు. అట్టి పనికి పూనుకొనువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. వరద ఇంతవరకు చూచినదానికంటె రెండడుగులు హెచ్చుగా వచ్చినచో నా పని నిలుచునా? నిలుచునట్లు చేయుటకు ఇప్పుడెంత యగును, పిమ్మట చేసినచో ఎంత యగును? ఆ దినము సమీపించుచున్నదని నాకు తెలుపు గుర్తు ఏది – బావిలో ఉప్పా, మురుగు దిగుటకు పట్టు దినముల సంఖ్యయా, బీమాసంఘము పెంచిన కిస్తీయా? కట్టునప్పుడే గిడ్డంగి అరుగును రెండడుగులు లేపుట స్వల్పవ్యయము. కట్టిన పిమ్మట లేపుట దుస్సాధ్యము. ఈ మాత్రము విచారణకు లండను గణకుల సహాయమక్కరలేదు.

1901 మొదలు 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణము సుమారు 0.7 డిగ్రీలు పెరిగినదని కేంద్ర భూవిజ్ఞానశాఖ 2020లో ప్రకటించియున్నది. 2024వ సంవత్సరమున ప్రపంచపు వేడి, యంత్రయుగమునకు పూర్వమున్న దానికంటె ఒకటిన్నర డిగ్రీ మించినదని ప్రపంచ వాతావరణసంస్థ తేల్చినది. ప్రాతలెక్కలకు ఆధారమైన కాలము గతించినది. క్రొత్తలెక్క ఎట్లును వచ్చి తీరును. అది ఋణదాతల రహస్యముగా వచ్చునా, రైతునకును ఋణదాతకును ఉమ్మడి దీపముగా వచ్చునా యనునదే మిగిలిన విచారము. రిజర్వుబ్యాంకు అధికారులును, రెండు తెలుగురాష్ట్రముల ప్రభుత్వములును మరియొక వరదకొఱకు వేచియుండక ఈ నిర్ణయమును సత్వరమే చేయుదురని ఆశించుచున్నాము.